మహారాజశ్రీ సీమ ఓడ టికెట్టు గారికి

మహారాజశ్రీ సీమ ఓడ టికెట్టు గారి సముఖానికి, ఉప్పు పన్ను కట్టిన ఒక రైతు మునిమనవడు రాసుకుంటున్న అర్జీ.

తమరిది పెద్ద వంశమే. 1867లో టర్కీ సుల్తాను లండన్ వస్తే ఇండియా ఆఫీసులో ఘనంగా విందు చేసి, ఆ ఖర్చును మన దేశం ఖాతాలో రాసిన వంశం. అయితే తమరి జాతకం రాసింది మాత్రం 1924లో, ఇక్కడి పెద్ద ఉద్యోగుల సంగతి చూడటానికి వేసిన లార్డ్ లీ కమిషన్. సీమ, అంటే ఇంగ్లండు, నుంచి వచ్చిన ఐసీఎస్ దొరగారికి ఉద్యోగకాలంలో నాలుగుసార్లు స్వదేశానికి పోయిరావడానికి రానూపోనూ ఓడ ఖర్చు. పెళ్లయితే దొరసానిగారికీ అంతే. పిల్లలకు తలా ఒకటి. ఏ తరగతి అని ఎవరూ తగువు పెట్టుకోకుండా పీ అండ్ ఓ అనే సీమ ఓడల కంపెనీ ఫస్ట్ క్లాసు ఛార్జీని కొలబద్దగా పెట్టారు. అందులోనూ 'బి' రకమేనట. ఎంత పొదుపో!

పాపం, దొరల ఇబ్బందులూ నిజమే. యుద్ధం తర్వాత ధరలు పెరిగాయి, ఓడ ఛార్జీలు పెరిగాయి. ఇక్కడ సహాయ నిరాకరణ, సభల్లో మనవాళ్ల ప్రశ్నలు. సీమ కుర్రాళ్లు ఐసీఎస్ అంటేనే మొహం చాటేశారు. ఉన్నవాళ్లలో కొందరు ముందే పింఛను పుచ్చుకుని వెళ్లిపోయారు. లండన్‌లో టెన్షన్ మొదలైంది. బెజవాడ ఎండలో మాడేవాడికి ఇంటి మీద బెంగ ఉండదా అంటే ఉంటుంది, కాదనను. కాని ఆ బెంగకు బిల్లు కట్టాల్సింది ఎవరు అన్నదే నా అర్జీలో సంగతి.

అసలు ముచ్చట ఇక్కడుంది. తమరు పుట్టడానికి రెండేళ్ల ముందు, 1922లో, ఇండియా ఖజానా ఖాళీ అయిందని ఖర్చులు తగ్గించే కమిటీ ఒకటి వేశారు. అధ్యక్షుడు ఎవరనుకున్నారు? లార్డ్ ఇంచ్‌కేప్. ఆయన అప్పటికే పీ అండ్ ఓ కంపెనీకి ఛైర్మన్. కత్తెర పట్టుకుని శాఖ శాఖకూ కోత పెట్టమన్న పెద్దమనిషి ఆయనే. కోత పూర్తయ్యాక లీ కమిషన్ వచ్చి, దొరలకు ఓడ ఖర్చు ఇవ్వండి, కొలబద్ద ఆయన కంపెనీ ఛార్జీయే, అంది. కుట్ర అని నేను అనను. అంత కష్టపడి కుట్ర చేయాల్సిన అవసరం కూడా వాళ్లకు లేదు.

ఆ మరుసటి ఏడాది, 1923లో, ఉప్పు పన్ను రెట్టింపు చేశారు. మణుగుకు రూపాయి పావలా ఉన్నది రెండున్నర అయింది. కేంద్ర శాసనసభ వద్దంది. వైస్రాయి రీడింగ్, సభ వద్దన్నా చెల్లేలా, సర్టిఫై చేసి సంతకం పెట్టేశాడు. 1924లో తగ్గించారనుకోండి. కాని కూలివాడి గంజిలోకి వెళ్లే ఉప్పు మీద చెయ్యి వేసినవాళ్లు, దొరగారి కేబిన్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎంత ధారాళంగా చాచారో తమరికే తెలియాలి.

లీ కమిషన్ రిపోర్టు కూడా ఆ సభ ముందుకు వచ్చింది. 1924 సెప్టెంబరులో మోతీలాల్ నెహ్రూ సవరణ పెట్టారు, సభ్యులు గెలిపించారు, ప్రభుత్వం ఓడింది. అయినా తమరు గెలిచారు. పెద్ద ఉద్యోగుల జీతాలు సభ వోటుకు అందని ఎత్తున ఉండేవి. డబ్బు మాది, వద్దనే హక్కు మాత్రం మాకు లేదు. అత్తసొమ్ము అల్లుడు దానం అంటారు కదా, ఇక్కడ దానం పుచ్చుకున్నవాడు కూడా అల్లుడే.

మనవాడు ఐసీఎస్ పాసై ఇంటికి వెయ్యి మైళ్ల దూరంలో పోస్టింగు పడ్డా తమరు వాడి గుమ్మం తొక్కరు. ఆసియా బయట స్వస్థలం ఉన్నవారికే తమరి దర్శనం. అమ్మను చూడాలన్న బెంగ సూయజ్ కాలువకు అవతల పుట్టినవాళ్లకే వస్తుందని కాబోలు.

పిల్లల టికెట్టు మీద మాత్రం నాకు వెక్కిరింపు రావడం లేదు. పెద్దవాళ్లకు రానూపోనూ, పిల్లలకు పోవడమే. బొంబాయి బల్లార్డ్ పియర్‌లో ఏడెనిమిదేళ్ల పిల్లను ఓడ ఎక్కిస్తారు. ఏడెన్, పోర్ట్ సయీద్ దాటి ఆ పిల్ల బోర్డింగ్ స్కూలుకు చేరుతుంది. తెలుగో తమిళమో మాట్లాడి పెంచిన ఆయా రేవులోనే ఆగిపోతుంది. సామ్రాజ్యం తన సొంత పిల్లలకు కూడా తిరుగు టికెట్టు కొనలేదు.

ఇంకొకరి దారిఖర్చు కూడా చెప్పాలి. విశాఖ మన్యంలో రోడ్డు పనికి గిరిజనులను తోలుకొచ్చి, ఇవ్వాల్సిన కూలిలో కోత పెట్టారన్నది అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణం. ఆయన్ను కాల్చి చంపింది తమరు పుట్టిన 1924లోనే, మే 7న. ఆ కూలీలు కొండ దిగి నడిచే వచ్చారు, నడిచే పోయారు. వాళ్ల కూలి, బత్తెం లెక్క చూడటానికి లండన్ నుంచి ఏ లార్డూ ఓడెక్కి రాలేదు.

ఇప్పుడు మా కేంద్ర గవర్నమెంటు ఉద్యోగులకు ఎల్టీసీ అని, సెలవులో ప్రయాణానికి ఖర్చు ఇచ్చే పద్ధతి ఒకటుంది. 1956లో వచ్చింది, మొదట్లో సొంత ఊరికి పోయిరావడానికే. దాంట్లో ఒక్క కాగితం తక్కువైతే క్లెయిము వెనక్కి వస్తుంది. స్వస్థలం ఒకసారి రాసిచ్చాక సర్వీసు మొత్తంలో ఒక్కసారే మార్చుకోవచ్చు. ఆ పద్ధతి ప్రకారమే తమరినీ కోరుతున్నాను. దొరగారు, దొరసానిగారు, పిల్లలు, ఎవరెవరు ఎప్పుడు ఏ ఓడ ఎక్కారో పేరుపేరునా జాబితా, సభ మంజూరు ఉత్తర్వు నకలు, ఖర్చు వోచర్లు జతచేసి పంపగలరు. మంజూరు ఉత్తర్వు లేనిపక్షంలో మొత్తం సొమ్ము వడ్డీతో రికవరీ చేయబడును. జిరాక్సులు చెల్లవు.

ఇట్లు
ఉప్పు పన్ను కట్టినవాళ్ల తరఫున,
తమ విధేయుడు