మెరుపు గుర్తు దాచేస్తే రాస్ప్‌బెర్రీ పై హ్యాంగవ్వడం ఆగదు

మళ్లీ వచ్చింది ఆ ఫార్వర్డ్. "రాస్ప్‌బెర్రీ పై 4 హ్యాంగ్ అవుతోందా? ఈ ఐదూ చేయండి, జన్మలో ఫ్రీజ్ అవ్వదు" అని. రాస్ప్‌బెర్రీ పై అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, మామూలుగా మెమరీ కార్డ్ నుంచి లైనక్స్ నడుపుతుంది. బీటెక్ ప్రాజెక్టుల గ్రూపుల్లో అదే, హోమ్ ఆటోమేషన్ గ్రూపుల్లో అదే, పంపేవాళ్లంతా పని తెలిసినవాళ్లే కాబట్టి కోపం ఇంకా ఎక్కువొస్తోంది.

మొదటిది, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే అదనపు చోటు) ఆఫ్ చేయమన్నారు. ర్యామ్ నిండాక స్వాప్ లేకపోయినా కర్నెల్ (లైనక్స్ గుండెకాయ) ప్రోగ్రాముల కోడ్ ముక్కల్ని ర్యామ్‌లోంచి తీసేసి, మళ్లీ కార్డ్ నుంచి చదువుకుంటూ కూర్చుంటుంది, బోర్డు అలాగే బిగుసుకుపోతుంది. ర్యామ్ ఏది తింటోందో చూడండి, అంతే.

రెండోది, నడుస్తున్న సిస్టమ్‌లోనే రూట్ పార్టిషన్‌మీద (కార్డ్‌లో సిస్టమంతా ఉండే భాగం) ఎఫ్ఎస్‌సీకే, అంటే ఫైల్‌సిస్టమ్ రిపేర్ కమాండ్, కొట్టమన్నారు. వద్దు. మౌంటయి, అంటే వాడకంలో ఉన్నదాన్ని రిపేర్ చేస్తే బాగున్నది కూడా పాడవుతుంది. కార్డ్ తీసి వేరే లైనక్స్ మెషీన్లో పెట్టి చేయండి.

ఇక మూడోది. "స్క్రీన్‌మీద పసుపు మెరుపు గుర్తు ఫాల్స్ అలారం, కాన్ఫిగ్ ఫైల్లో అవాయిడ్ వార్నింగ్స్ 2 అని పెట్టండి, మీ ఫోన్ 33 వాట్ల ఛార్జర్ ఉండగా పైకి 15 వాట్లు ఒక లెక్కా" అని రాశారు. దీన్ని నమ్మి ఎన్ని కార్డులు పోగొట్టుకుంటున్నారో! ఆ గుర్తు వచ్చేది బోర్డుకి అందే వోల్టేజీ సుమారు 4.63 కన్నా కిందకి పడినప్పుడు. అప్పుడు ఫర్మ్‌వేర్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) క్లాక్, అంటే ప్రాసెసర్ వేగం, తగ్గించి బోర్డుని కాపాడుకుంటుంది. అవాయిడ్ వార్నింగ్స్ 1 పెడితే గుర్తు మాత్రమే పోతుంది, 2 పెడితే వోల్టేజీ తక్కువున్నా టర్బో స్పీడ్‌లో పరిగెత్తమని అనుమతి ఇచ్చినట్టు. అంటే కరెంటు చాలనప్పుడే ఎక్కువ లాగమంటున్నారు! జ్వరం తగ్గలేదని థర్మామీటర్ విసిరేసి, పైగా రోగిని పొలంపనికి పంపడం ఇది.

ఛార్జర్ సంగతి కూడా చూడండి. 33 వాట్లు ఇచ్చేది ఫోన్ తో మాట్లాడుకుని వోల్టేజీ పెంచినప్పుడు, పై 4 ఆ మాటలేవీ ఆడదు, దానికి అందేది మామూలు 5 వోల్టులే. ఛార్జర్ వెనక సన్న అక్షరాల్లో 5 వోల్టుల పక్కన ఎన్ని ఆంపియర్లు రాసుందో చదవండి, 2 అని మాత్రమే ఉండేవీ ఉన్నాయి. పై 4కి 3 కావాలి, దానికి యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ తగిలించారంటే అది తిరగడం మొదలెట్టిన క్షణంలో వోల్టేజీ పడిపోతుంది. ఆ పడిన క్షణంలోనే కార్డ్‌మీదకి రాస్తుంటే, ఫైల్‌సిస్టమ్ పాడయ్యి తర్వాతెప్పుడో హ్యాంగయ్యి, తప్పంతా లైనక్స్‌ మీదకి పోతుంది.

నమ్మకపోతే టెర్మినల్లో వీసీజెన్‌సీఎమ్‌డీ గెట్ థ్రాటిల్డ్ (vcgencmd get_throttled) అనే కమాండ్ కొట్టండి. జవాబు హెక్స్‌లో (0x తో మొదలయ్యే అంకెల్లో) 50000 అని వస్తే, బూటయ్యాక ఎప్పుడో వోల్టేజీ పడింది, థ్రాటిల్ (వేగం తగ్గించడం) కూడా అయ్యింది అని. 50005 అంటే ఇప్పుడు కూడా పడుతూనే ఉంది.

నాలుగోది "రోజూ రాత్రి రీబూట్ అయ్యేలా క్రాన్ పెట్టండి". క్రాన్ అంటే చెప్పిన టైముకి పని చేసిపెట్టే ప్రోగ్రామ్. ఆ పాత వోల్టేజీ గుర్తులు రీబూట్‌తో చెరిగిపోతాయండీ! జర్నల్ (సిస్టమ్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా) కార్డ్‌మీదకి రాయకపోతే ఆ లాగులు, అంటే రికార్డులు, కూడా పోతాయి. అంటే మూడో పాయింట్ హెచ్చరికని దాస్తే, నాలుగోది సాక్ష్యాన్ని చెరిపేస్తోంది, ఇక కారణం ఎలా దొరుకుతుంది? హ్యాంగైపోయిన బోర్డులో క్రాన్ ఎలాగూ నడవదు. మనిషి వెళ్లలేని చోట బోర్డు ఉంటే హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ (సిస్టమ్ పలక్కపోతే తనే రీబూట్ చేసే కాపలా టైమర్) పెట్టండి, సిస్టమ్‌డీలో (సర్వీసులన్నీ నడిపే ప్రోగ్రామ్) రన్‌టైమ్ వాచ్‌డాగ్ 15 సెకన్లు లోపు ఇస్తే చాలు. జర్నల్ స్టోరేజ్ పర్సిస్టెంట్ చేసి, అంటే రీబూట్ అయినా కార్డ్‌మీద నిలిచేలా పెట్టి, తర్వాతి బూట్‌లో అంతకుముందు బూట్ లాగు చదవండి. అందులో కూడా ఏం లేకపోతే 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ తెచ్చి బోర్డు పిన్నుల్లో జీపీఐఓ 14, 15 అనేవాటికి కలిపి, సీరియల్ కన్సోల్ (కర్నెల్ సందేశాల్ని తీగమీద బయటికి పంపే దారి) ఆన్ చేసి, కర్నెల్ ఆఖరి మాటలు అక్కడ పట్టుకోండి, చచ్చే ముందు కార్డ్‌మీద రాసే టైం దానికి ఉండదు కదా. ఇంతకీ ముందు నిజంగా హ్యాంగయ్యిందా లేక వైఫై పవర్‌సేవ్ వల్ల ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యే కనెక్షన్) పోయిందా అన్నది కీబోర్డ్ తగిలించి చూసుకోండి.

ఐదోది: "ఇంకా ఆగకపోతే పొట్టి, మందమైన కేబుల్ మార్చి చూడండి". ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం, సన్నటి పొడుగు కేబుల్లోనే వోల్టేజీ పడిపోయి సగం పోరాటం ఓడిపోతాం, మంచి అడాప్టర్ ఉన్నా సరే. రాసినవాళ్లకి ఇంత తెలిసి మూడోది ఎందుకు రాశారో నాకర్థం కాలేదు. ఐదోది మొదట పెట్టి, మిగతా నాలుగూ తీసేసి పంపండి, నేనే ఫార్వర్డ్ చేస్తాను.