మైక్రోవేవ్ ‘ఆరు రహస్యాలు’: ఐదోసారి వచ్చిన సందేశానికి జవాబు

“మీ మైక్రోవేవ్‌ను మీరు పది శాతం కూడా వాడుకోవడం లేదు” అని మొదలై, ఆరు రహస్యాలు విప్పి, “తెలిసినవారందరికీ పంపండి” అని ముగిసే సందేశం ఈ నెలలో నాకు ఐదోసారి వచ్చింది. మొదటి నలుగురికీ మర్యాదగా విడివిడిగా జవాబు రాశాను. ఐదోసారి పంపినవాడు నా మొదటి జవాబు కింద బొటనవేలి బొమ్మ పెట్టిన మిత్రుడే కాబట్టి, ఇక ఓపిక లేక అందరికీ కలిపి ఒక్కసారే రాస్తున్నాను.

ఫోన్‌ను మైక్రోవేవ్ లోపల అరనిమిషం తిప్పితే బ్యాటరీ నిండుతుందన్నది మొదటి రహస్యం. 2014లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 8 వచ్చినప్పుడు ఆకతాయిలెవరో ఆపిల్ ప్రకటనలా తయారుచేసి, ‘వేవ్’ అని పేరు కూడా పెట్టి వదిలిన బొమ్మకు ఇది మనుమడు. లిథియం బ్యాటరీని అందులో పెడితే నిండేది ఛార్జి కాదు, పొగ. సబ్బు ముక్కలన్నీ కలిసి కొత్త సబ్బు అవుతాయన్నది రెండోది. గాలి బాగా కలిపి చేసిన సబ్బైతే లోపలి తేమ ఆవిరై నురగలా ఉబ్బుతుంది, చల్లారాక పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. సరదాకు తప్ప ఎందుకూ పనికిరాదు.

కరెన్సీ నోట్లను, మాస్కులను నిమిషం పాటు వేడి చేస్తే క్రిములు చస్తాయన్నది మూడోది. 2020లో దక్షిణ కొరియాలో కొందరు సరిగ్గా ఇదే చేసి, మాడిన నోట్లను పట్టుకుని కేంద్ర బ్యాంకు దాకా వెళ్లారు. దయచేసి అలా చేయవద్దని బ్యాంక్ ఆఫ్ కొరియా ప్రజలకు చెప్పుకోవలసి వచ్చింది. నోటులోని భద్రతా దారం, మాస్కులో ముక్కు మీద వంగే తీగ దేనితో చేసినవో ఈ సందేశకర్త ఒక్కసారైనా ఆలోచించినట్టు లేదు. రెండింటిలోనూ లోహం ఉంటుంది. క్రిములు చచ్చాయా లేదా అన్న ప్రశ్న నోటు మిగిలితే కదా!

నాలుగోదానికి మాత్రం మూలం ఉంది. గిన్నెలు తోమే స్పాంజిని రెండు నిమిషాలు వేడి చేస్తే అందులోని బ్యాక్టీరియా 99 శాతానికి పైగా చస్తుందని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007 జనవరిలో వెల్లడించారు. వారు వాడినది నీటిలో నానిన స్పాంజి. ఆ వార్త చదివి పొడి స్పాంజి పెట్టి పొగ తెప్పించినవారు అప్పుడే బయలుదేరారు, తడి తప్పనిసరి అని మళ్లీ చెప్పవలసి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత మన సందేశంలో ‘తడి’ పోవడమే కాదు, ఆ స్థానంలో ‘బాగా ఆరిన’ అన్న మాట వచ్చి కూర్చుంది.

ఇక ఐదోది. నేను ఇంత రాయడానికి కారణం ఇదే. “గుడ్డు పేలేది పెంకు బిగుతు వల్ల. కాబట్టి ఉడికించిన గుడ్డును పెంకు ఒలిచి, నీటిలో ముంచి మూడు నిమిషాలు వేడి చేస్తే పేలదు, పిల్లలు కూడా చేసుకోవచ్చు” అట. పెంకు లేని గుడ్డూ పేలుతుంది. అంతకంటే ముఖ్యం, అది చాలాసార్లు ఓవెన్‌లో పేలదు, బయటికి తీశాక, వేలితో నొక్కినప్పుడో పంటితో కొరికినప్పుడో పేలుతుంది. ఇలా నీటిలో ఉంచి మళ్లీ వేడి చేసిన గుడ్లను గుచ్చి చూసిన పరిశోధకులు, అడుగు దూరంలో 86 నుంచి 133 డెసిబెల్స్ దాకా శబ్దం వచ్చిందని 2017లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం సమావేశంలో చెప్పారు. చుట్టూ ఉన్న నీటి కంటే పచ్చసొన ఎక్కువ వేడెక్కి ఉండటాన్ని కూడా వారు గమనించారు. పచ్చసొనలో అక్కడక్కడ చిక్కుకున్న నీరు మరిగే ఉష్ణోగ్రత దాటినా మరగకుండా ఉండిపోయి, కదిపిన క్షణాన ఒక్కసారిగా ఆవిరవుతుందన్నది వారి వివరణ. అంటే నీటిలో ముంచడం వల్ల ప్రమాదం తొలగిపోలేదు. ఓవెన్ తలుపు వెనక జరగవలసినది నోటి దాకా వాయిదా పడింది. ఆ చివర “పిల్లలు కూడా” అని చేర్చిన మహానుభావుడికి నమస్కారం.

మామూలు నీళ్లు కూడా ఇలాగే మోసం చేస్తాయని నాకు అనుభవం మీద తెలుసు. నున్నటి గాజు కప్పులో నీళ్లు మూడు నిమిషాలు వేడి చేసి తీశాను. ఒక్క బుడగ లేదు, అద్దంలా నిశ్చలంగా ఉంటే ఇంకా మరగలేదనుకున్నాను. కాఫీ పొడి వేయగానే బుస్సుమని సగం నీళ్లు పైకి లేచి నా మణికట్టు మీద పడ్డాయి. పొయ్యి మీద గిన్నె అడుగే ముందు కాలుతుంది కాబట్టి బుడగలు అక్కడ పుడతాయి. ఓవెన్‌లో నీళ్ల కంటే కప్పే చల్లగా ఉంటుంది, పైగా నున్నగా ఉంటుంది కాబట్టి బుడగ పుట్టడానికి ఆధారం దొరకదు. నా కాఫీ పొడి ఆ ఆధారం ఇచ్చింది.

ఆరోది, “లోహం పెడితే ఓవెన్ పేలిపోతుందన్నది అపోహ, చెంచా నిక్షేపంగా పెట్టవచ్చు” అన్నది. దీన్ని చీల్చి చెండాడదామనే కూర్చున్నాను. మా ఇంట్లో ఏళ్ల తరబడి చెంచాను నిషేధించినవాణ్ణి నేనే. తీరా ఓవెన్‌తో వచ్చిన సూచనల పుస్తకం తిరగేస్తే, ద్రవాలు వేడి చేసేటప్పుడు పాత్రలో ఒక చెంచా ఉంచమని, అది గోడలకు, తలుపుకు కనీసం 2 సెంటీమీటర్ల దూరంలో ఉండాలని అందులోనే ఉంది. నిప్పురవ్వలు లేచేది ఫోర్కు ముళ్ల దగ్గర, నలిగిన అల్యూమినియం రేకు మడతల దగ్గర, బంగారు అంచు ఉన్న కప్పుల దగ్గర. గుండ్రటి చెంచా నీళ్లలో మునిగి ఉంటే రవ్వలూ లేవవు, బుడగ పుట్టడానికి ఆధారమూ దొరుకుతుంది. నా మణికట్టు కాలకుండా ఆపగలిగిన వాక్యం ఈ సందేశంలో అదొక్కటే, దాన్ని నేను నాలుగుసార్లు అబద్ధమని కొట్టిపారేశాను. ఆ నలుగురికీ ఈ ఉదయమే సవరణ పంపాను. బొటనవేలి మిత్రుడు మళ్లీ బొటనవేలే పెట్టాడు.