యాజ్ ఈజ్ గారికి, శ్రీకాకుళం నుంచి

యాజ్ ఈజ్ గారూ,

నమస్కారం. స్టాంపుల వేలం జాబితాలో లాట్ (వేలానికి పెట్టిన ఒక్కో సరుకు) వివరం చివర, 'ఉన్నది ఉన్నట్టు' అనే అర్థంతో, ఎవరికీ అడ్డం రాకుండా ఓ మూల కూర్చుని ఉండే మాట మీరే కదా, మీకే రాస్తున్నాను. ముందు ఆ వేలం వాళ్లకే రాద్దామనుకున్నాను గానీ, వాళ్లకి ఏం రాసినా వేలు పెట్టి మిమ్మల్నే చూపిస్తారు. మధ్యలో వాళ్లెందుకని నేరుగా మీకే రాస్తున్నా.

నా స్టాంపు మీకు గుర్తుండదేమో, మీ చేతి మీదుగా రోజూ ఎన్నో వెళ్తుంటాయి. 1854 నాలుగణాలు. ఎర్ర చట్రం, మధ్యలో నీలం రంగులో విక్టోరియా రాణి తల. కలకత్తా సర్వేయర్ జనరల్ ఆఫీసులో రాతి అచ్చు మీద వేశారు, ఒక రంగు వేశాక మళ్లీ రెండో రంగు. ఆ రెండో విడతలో కాగితం అటుదిటు పడి రాణిగారు తలకిందులైన స్టాంపులు కొన్ని ఉన్నాయి, అవి కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలి. నాది అది కాదులెండి. రాణిగారు నిటారుగా ఉన్న మామూలు నాలుగణాలే, కాకపోతే నాలుగు వైపులా మార్జిన్, అంటే బొమ్మ చుట్టూ తెల్ల కాగితం ఉంది. ఆ మార్జిన్ దగ్గరే నా బుద్ధి జారింది. అప్పటి మన స్టాంపులకు అంచున పళ్లు లేవు, కత్తెరతో కోసుకోవాల్సిందే. ఈ నాలుగణాల బొమ్మకేమో ఎనిమిది పలకలు. చాలామంది తెల్ల కాగితం మిగల్చకుండా ఆ పలకల వెంబడే కోసి కవరు మీద అతికించేసేవారు. అందుకే ఎనిమిది పలకల ముక్కలు చవగ్గా దొరుకుతాయి, నలుపలకగా మార్జిన్‌తో ఉన్నదైతే దాని రేటే వేరు.

అలాంటిది కేటలాగు (స్టాంపుల ధరల పుస్తకం) ధరలో మూడో వంతుకి వస్తోంది. కింద చిన్న అక్షరాల్లో మీరున్నారు: సర్టిఫికెట్ (అసలుదేనని నిపుణులిచ్చే కాగితం) లేదు, యాజ్ ఈజ్, వాపసు లేదు. చూశాను. చూడలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? చూసి, "ఉన్నది ఉన్నట్టు అంటున్నారంటే ఎంత నిజాయితీపరులో" అనుకున్నాను. మీ గొప్పతనం అక్కడుంది సార్. 'ఉన్నది' అంటే ఏమున్నదో చెప్పకుండానే ఉన్నదున్నట్టు చెప్పేశామన్న పేరు కొట్టేస్తారు. పెద్ద వేలాల్లో ఎక్స్‌టెన్షన్ అని ఒకటుంది, కొన్నాక నిపుణులకు పంపి, తేడా వస్తే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. మీరు కూర్చున్న లాట్‌కి ఆ సదుపాయం ఉండదు. అదీ తెలుసు. ఆ రాత్రి చివరి రెండు నిమిషాల్లో ఇంకెవడో నామీద పాట పెంచుతుంటే టెన్షన్‌లో చెమటలు పట్టి, వాడు మానేసేదాకా ఫోన్‌లో నొక్కుతూనే ఉన్నాను. వాడు ఎందుకు మానేశాడో ఇప్పుడు అర్థమవుతోంది. పద్నాలుగు వేలు, దాని మీద వాళ్ల కమీషన్, ఆ కమీషన్ మీద జీఎస్టీ.

మా ఆవిడ స్టాంపు చూసి, "బాగుందండీ," అని కాసేపాగి, "దీనికి ఈసీ తీయించారా?" అంది. ఆమె ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగింది. ఆమదాలవలసలో మూడు సెంట్ల స్థలం కొన్నప్పుడు ముప్ఫై ఏళ్ల ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు ప్లీడరుకి చూపించి, హద్దు రాళ్ల చుట్టూ మా బావమరిదిని రెండుసార్లు తిప్పిన మనిషిని నేను. చేపల బజారులో మొప్ప ఎత్తి చూడకుండా వంజరం ముక్క కొట్టించను. పద్నాలుగు వేల కాగితం ముక్కని మాత్రం ఫోన్‌లో ఫొటో చూసి కొనుక్కొచ్చాను. ఆ ఫొటో కూడా ముందు వైపుదే.

ఆదివారం శ్రీకాకుళం రోడ్డులో రైలెక్కి విజయనగరం వెళ్లాను. గంటస్తంభానికి కాస్త దూరంలో మా గురువుగారు ఉంటారు, పోస్టల్‌లో పనిచేసి రిటైరయ్యారు, స్టాంపుల్లో మా జిల్లాలకంతటికీ ఆయనే సుప్రీంకోర్టు. కాఫీ ఇచ్చారు గానీ తాగేదాకా స్టాంపు బయటికి తీయనివ్వలేదు. తర్వాత నల్లటి చిన్న ట్రే తెచ్చి, స్టాంపుని బోర్లా పడుకోబెట్టి, లైటర్‌లో పోసే పెట్రోలు నాలుగు చుక్కలు వేశారు. కాగితం తడిసి నల్లబడింది. ఆ నలుపులోంచి మెల్లగా ఇంకా నల్లటి గీత ఒకటి తేలింది, నిదానంగా వంగుతూ, ఎనిమిది పలకలూ పూర్తి చేసుకుని మొదలైన చోటికే వచ్చి ఆగింది. ఎవరో మహానుభావుడు ఎనిమిది పలకల ముక్క తీసుకుని, చుట్టూ కొత్త కాగితం అతికి, అతుకు కనబడకుండా గీకి సాపు చేసి, నలుపలక చేశాడు. ముందు వైపు అతుకు మీదుగా చుక్కల పోస్టు ముద్ర గీశాడు. గురువుగారు అతినీలలోహిత దీపం కూడా వేశారు. మధ్య ముక్క మసగ్గా పడుకుంది, చుట్టూ మార్జిన్ మాత్రం సబ్బు ప్రకటనలో చొక్కాలా మెరిసింది. ఇప్పటి కాగితంలో తెలుపు కోసం కలిపే మందు ఆ దీపానికి అలాగే వెలుగుతుంది.

"ఒరే బాబూ, పనివాడు మాత్రం గట్టివాడురా," అన్నారాయన. పెట్రోలు ఆరిపోగానే గీత మాయమైంది. స్టాంపు మళ్లీ ఎంత ముద్దుగా ఉందంటే, ఇప్పుడు చూపిస్తే మళ్లీ కొనేసేలా ఉన్నాను.

ఆ పూట ఆయన చెప్పుకొచ్చిన మీ తాలూకు బంధువర్గాన్ని వింటే తల తిరిగింది. పళ్లున్న స్టాంపుకి పళ్లు కోసేసి పళ్లు లేనిదిగా అమ్మేవాళ్లు, షీటు అంచున సాపుగా ఉన్నదానికి కొత్త పళ్లు కొట్టేవాళ్లు. వెనక జిగురు పోతే కొత్త జిగురు పూసేవాళ్లు (స్టాంపు వెనకవైపు ఎవడికీ కనబడని జిగురుకి మేం ఇచ్చే రేటు చూస్తే, పూసేవాణ్ని తప్పుపట్టడానికి నోరు రాదు). దస్తావేజు మీద అంటించి కలంతో కొట్టేసిన పెద్ద విలువల స్టాంపులకు సిరా కడిగేసి, పైన పోస్టు ముద్ర వేసేవాళ్లు. 1948 గాంధీ స్టాంపుల మీద గవర్నర్ జనరల్ ఆఫీసు కోసం 'సర్వీస్' అని అచ్చు వేసినవి ఒక్కో రకానికి వందే, ఆ ఒక్క మాట మామూలు గాంధీ మీద కొట్టి అమ్మేవాళ్లకు మాత్రం లెక్కే లేదట.

సర్టిఫికెట్ ఉంటే గొడవే లేదా అంటే, అదీ కాదు. స్పెరాటి అని ఫ్రాన్సులో ఒకాయన, అసలైన పాత చవక స్టాంపు తీసుకుని దాని బొమ్మ కడిగేసి, అదే కాగితం మీద, అదే ముద్ర ఉంచి, ఖరీదైన స్టాంపు అచ్చు వేసేవాడు. 1942లో ఆయన పోస్టులో పంపిన స్టాంపుల్ని కస్టమ్స్ వాళ్లు పట్టుకుని, విలువైన సరుకు దేశం దాటిస్తున్నావని కేసు పెట్టారు. నిపుణులు చూసి అసలువే అన్నారు. పాపం, అవి నకిలీలేనని ఆయనే నెత్తీ నోరూ కొట్టుకోవాల్సి వచ్చింది. చివరికి 1954లో బ్రిటిష్ స్టాంపుల సంఘం వాళ్లు ఆయన సరుకూ సరంజామా అంతా కొనేసుకుని, నాయనా ఇంక చేయకు అన్నారు.

అయినా నన్ను తొలిచేది స్పెరాటి కాదు. తిరుగు రైల్లో తట్టింది. నా స్టాంపుకి సర్టిఫికెట్ 'లేదు' అని ఉంది కదా. అసలు ఎప్పుడూ తీయించలేదనా, తీయిస్తే మార్జిన్లు అతికినవని రాసి వస్తే చించి పారేశారనా? ఈ రెండింటికీ జాబితాలో ఒకటే మాట. మంచి నాలుగణాలు చేతిలో ఉన్నవాడు ఫీజు కట్టి లండన్‌కో ఎక్కడికో పంపి కాగితం తెచ్చుకుని మూడింతలకు అమ్ముకుంటాడు గానీ, నాకు మూడో వంతుకి ఎందుకు ఇస్తాడు? బొబ్బిలి దాటేలోపే తట్టాల్సిన సంగతి అంటారేమో, మా రైలు బొబ్బిలి మీదుగా పోదు, అందుకే ఆలస్యమైంది.

సరే, అసలు విషయానికి వస్తాను. మధ్యలో ఉన్న ఎనిమిది పలకలు మాత్రం అసలువేనని గురువుగారు తేల్చారు. నీళ్లలో వేస్తే అతుకు ఊడిపోతుంది, ముక్క ముక్కగానే దాచుకో అన్నారు. వద్దనుకుంటే అమ్మేయి, కానీ జరిగిందంతా రాసి అమ్ము అని కూడా అన్నారు. నిన్న రాత్రి భోజనాలయ్యాక అమ్మకానికి వివరం రాద్దామని కూర్చున్నాను. '1854, నాలుగణాలు, వాడినది' అని రాశాను. 'నాలుగు మార్జిన్లు' అన్నాను, అది అబద్ధం కాదు కదా, నాలుగే ఉన్నాయి. 'అతికినవి' అని రాయబోతే పద్నాలుగు వేలూ కమీషనూ జీఎస్టీ కళ్ల ముందు తిరిగాయి. కలం అక్కడే ఆగింది. కాసేపటికి కదిలింది. ఏం రాశానో మీకు చెప్పక్కర్లేదు, తమరే వచ్చి చివర్న కూర్చున్నారు.

ఆ వివరం ఇంకా పోస్టు చేయలేదు. మా ఆవిడ చదివి చెబుతానని తీసుకెళ్లింది.

ఇట్లు,
మీ కస్టమర్