కమాన్లు కనిపించాయి, ల్యాపులు కనిపించలేదు

“లెక్కింపులో పొరపాటు.” 1963లో ఓ నల్లజాతి డ్రైవర్ గెలుపును ఇంకొకడికి కట్టబెట్టినందుకు అమెరికా కారు పందేల సంస్థ నాస్కార్ చెప్పిన సంజాయిషీ ఇది. కారు పందేల చరిత్రలో ఇంత సాధువైన మాట ఇంకోటి లేదు.

నాస్కార్ వ్యవస్థాపకుడు బిల్ ఫ్రాన్స్ కథను ఆయన భక్తులు హరికథలాగే చెబుతారు. డేటోనా బీచ్‌లో పెట్రోలు బంకు, 1936లో అక్కడి ఇసుక మీద స్టాక్ కారు (షోరూంలో అమ్మే మామూలు కారు) పందెంలో అయిదో స్థానం, నగరం చేతులు కాల్చుకున్న ఆ పందేలను తానే నెత్తికెత్తుకోవడం, 1947 డిసెంబరులో స్ట్రీమ్‌లైన్ హోటల్లో నాస్కార్‌కు పురుడు. శుభం.

ఇక 1949 జూన్ 19, షార్లెట్‌లో నాస్కార్ పందెం. ముప్పావు మైలు మట్టి ట్రాక్, 200 ల్యాపులు, అంటే చుట్లు. షోరూంలోంచి ఎలా వచ్చిన కారు అలాగే పరిగెత్తాలన్నది శాసనం. గ్లెన్ డనవే 1947 ఫోర్డుతో గెలిచాడు. తనిఖీవాళ్లు బండి కిందకి దూరారు. హరి హరీ! వెనక కమాన్లు, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు, ఎడంగా జరిపి బిగించి ఉన్నాయి. దొంగసారా బళ్లకు అది రోజువారీ వైద్యం: డిక్కీ నిండా సరుకున్నా వెనకభాగం కుంగదు, మలుపులో బండి ఒరగదు. ఆ ఫోర్డు కులవృత్తీ అదే. గెలుపు రద్దు, బహుమతి జిమ్ రోపర్‌కి. కారు యజమాని నాస్కార్ మీద 10,000 డాలర్లకు దావా వేస్తే కోర్టు కొట్టేసింది. మట్టికొట్టుకుపోయిన బండి కింద కమాను వెడల్పు పసిగట్టిన ఆ కళ్లకు దిష్టి తియ్యాలి.

అవే కళ్లు, 1963 డిసెంబరు 1, జాక్సన్‌విల్. అర మైలు ట్రాక్, మళ్లీ 200 ల్యాపులే. ఆ రోజుల్లో యంత్రాల్లేవు. కారు గీత దాటినప్పుడల్లా మనిషే కార్డు మీద రాసుకోవాలి. వెండెల్ స్కాట్ 200 పూర్తి చేశాడు. గెలుపు జెండా ఊపలేదు. పాపం, ఇంకో రెండు తిరిగాడు. ట్రోఫీ మరో డ్రైవర్ బక్ బేకర్‌కిచ్చి, జనం ఇళ్లకెళ్లాక, గెలిచింది స్కాటేనని ఒప్పుకున్నారు.

పొరపాటట! గెలిచిన నల్లవాడికి ఆనవాయితీ ప్రకారం తెల్లపిల్ల ముద్దిచ్చే దృశ్యం జనం చూడకూడదనే ఇలా చేశారని స్కాట్ నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? కమాను కొలవడం వచ్చినవాళ్లకు రెండొందల దాకా ఒంట్లు రావా? అప్పుడు సంస్థ అధ్యక్షుడు మన హరికథా నాయకుడే.

ఆ గెలుపుకి గుర్తుగా నాస్కార్ స్కాట్ కుటుంబానికి ట్రోఫీ ఇచ్చింది 2021లో. స్కాట్ 1990లోనే పోయాడు.