800 పనులు, 5,000 కరపత్రాలు

బతుకుతెరువు కోసం ఊరు వదిలి కాలిఫోర్నియాకు వలసపోయిన ఒక రైతు కుటుంబం కథ, అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్ 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' ప్రస్తావన వస్తే మనం తల్లి పాత్ర ధైర్యాన్ని మెచ్చుకుంటాం, కుటుంబం ఒకరినొకరు వదలకపోవడం గురించి మాట్లాడుకుంటాం. మెచ్చుకోదగ్గవే. అయితే 1939 ఏప్రిల్‌లో వచ్చిన ఆ నవలను లెక్కల పుస్తకంలా కూడా చదవాలి. కూలి ఎంత, సంచి ధర ఎంత, ఎవరి అప్పు ఎవరి మెడకు చుట్టుకుంది, అంతా సెంట్లతో సహా అందులో ఉంది. కష్టాన్ని మనుషులే ఎలా తయారు చేస్తారో అంత వివరంగా చూపించిన నవలలు తక్కువ.

నవలలోని జోడ్ కుటుంబానిది అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో సాలిసా దగ్గర కౌలు సేద్యం. దుమ్ము తుపాన్లు దారుణంగా చెలరేగింది ఆ రాష్ట్రం పడమటి కొసన. సాలిసా ఉన్నది తూర్పు అంచున. జోడ్లను ఊరు దాటించింది ప్రధానంగా బ్యాంకు, ట్రాక్టరు. రోజుకు 3 డాలర్ల జీతగాడు ఒక్కడు ట్రాక్టరెక్కితే 12, 14 కుటుంబాల సేద్యం అయిపోతుంది. నవలలో లేని ఒక సంగతి ఇక్కడ కలుపుకోవాలి. 1933 నాటి వ్యవసాయ చట్టం కింద, పత్తి సాగు తగ్గించినందుకు ప్రభుత్వం డబ్బిచ్చింది. అది ఎక్కువగా భూస్వాములకే చేరింది. చాలామంది ఆ డబ్బుతో ట్రాక్టర్లు కొని కౌలుదార్లను ఖాళీ చేయించారు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టాదారు ఖాతాలో పడింది, కౌలు రైతుకు అందలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కౌలుదారుకు సాగు హక్కు కార్డు ఇస్తానంది గాని, భూయజమాని సంతకం అడిగింది. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని వెనకాడతాడు. కార్డు లేనివాడికి బ్యాంకు అప్పు పుట్టడం కష్టం, వడ్డీ వ్యాపారే గతి.

కూలీలు కావాలన్న కరపత్రం నమ్మి జోడ్లు కాలిఫోర్నియాకు బయల్దేరతారు. దారిలో ఒక చిరుగుల బట్టల మనిషి ఆ కరపత్రం గుట్టు విప్పుతాడు. తోటవాడికి కావలసింది 800 మంది. వేయించేది 5,000 కరపత్రాలు. 20,000 మంది చూస్తారు, రెండు మూడు వేల మంది బయల్దేరతారు. తిరిగి వెళ్లడానికి చేతిలో పైసా ఉండదు కాబట్టి, ఇస్తానన్న కూలికి ఒప్పుకుంటారు. ఈ మాట విన్నా జోడ్లు వెనక్కి తిరగలేరు. ఉన్నదంతా అమ్ముకున్నాక ఎక్కడికని వెళ్తారు?

కాలిఫోర్నియాలో జోడ్లు పనికి కుదిరిన హూపర్ తోటలో పీచ్ పండ్ల కోతకు పెట్టెకు 5 సెంట్లు. గేటు బయట సమ్మె నడుస్తోంది కాబట్టే ఆ 5. సమ్మె విరిగితే రెండున్నరే. కుటుంబమంతా కలిసి సంపాదించిన మొదటి డాలరు ఆ పూట భోజనానికే, తోట కొట్లోనే అయిపోతుంది. కొట్లో ధరలు ఊళ్లో కంటే ఎక్కువ. ఊళ్లోకి వెళ్లి కొందామంటే మిగిలేది పెట్రోలుకే సరి. పత్తి చేలో మెలిక ఇంకో రకం. సొంత సంచి లేనివాడు డాలరుకు చేనువాడి దగ్గరే కొనాలి, దాన్ని కూలిలో పట్టుకుంటారు. 100 పౌన్లకు 80 సెంట్లు, అంటే మొదటి 125 పౌన్ల పత్తి సంచికే సరిపోయింది. కూలీలు ఎక్కువై చేను త్వరగా ముగిస్తే సంచి బాకీ కూడా తీరదు.

యజమానులందరూ దుర్మార్గులే అయితే పరిష్కారం తేలికయ్యేది. 22వ అధ్యాయంలో థామస్ అనే చిన్న రైతు గంటకు 30 సెంట్లు ఇస్తుంటాడు. రైతుల సంఘం 25కి దించమంటుంది. ఆ సంఘాన్ని ఆడించేది బ్యాంకు, కాదంటే వచ్చే ఏటి పంట రుణం ఆగిపోతుంది. థామస్ సిగ్గుపడుతూనే కూలి తగ్గిస్తాడు. నా దృష్టిలో నవలకు ఆయువుపట్టు ఇక్కడుంది: మంచి మనసున్న యజమాని ఒక్కడు కూలి రేటును నిలబెట్టలేడు.

అదే అధ్యాయంలో జోడ్లు తలదాచుకున్న వలస కూలీల వీడ్‌ప్యాచ్ శిబిరానికి మూలం బేకర్స్‌ఫీల్డ్ దగ్గరి ఆర్విన్ ప్రభుత్వ శిబిరం. వారానికి డాలరు అద్దె, లేదా ఆ మేరకు పని. కమిటీలను కాపురమున్నవాళ్లే ఎన్నుకుంటారు, వారంటు లేకుండా పోలీసులు లోపలికి రాకూడదు. అయినా నెల తిరిగేసరికి జోడ్లు దాన్ని వదిలేస్తారు, చుట్టుపక్కల పని లేదు గనక. శిబిరాన్ని అంత ప్రేమగా రాసి కూడా స్టైన్‌బెక్ ఈ నిజాన్ని దాచలేదు. ఆయన తక్కువ చేసింది మరొకటి: అవే పొలాల్లో ముందునుంచీ చెమటోడ్చిన మెక్సికన్, ఫిలిపినో కూలీలకు నవలలో దక్కిన చోటు చాలా చిన్నది.

ఆపద వచ్చాక విరాళాలు పోగుచేయడంలో మన సంఘాలు ఎప్పుడూ ముందుంటాయి. అలా పని ఆశ చూపే కరపత్రం మనవాళ్ల చేతికందిన రోజునే అండగా నిలబడటం అంతకంటే అవసరం. గల్ఫ్‌కు వెళ్లేవారు ఏజెంటు లైసెన్సును భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోవాలి. సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడగడానికి వీల్లేదు. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తు ఫీజులు కంపెనీ కట్టాలి. ప్రాజెక్టు లేదని బెంచి మీద కూర్చోబెట్టినా జీతం ఆపకూడదు. ఆపితే 12 నెలల్లోగా డబ్ల్యూహెచ్-4 ఫారంతో కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. ఆఫర్ లెటరు, జీతం చీటీలు, మెయిళ్లు మొదటి రోజు నుంచే ఆఫీసు కంప్యూటరులో కాక సొంతంగా భద్రపరచుకోవాలి; ఫిర్యాదులు చాలావరకు నీరుగారేది కాగితాలు లేకే.

నవల మొత్తం 30 అధ్యాయాలు. పుస్తక చర్చ పెట్టదలచినవారు 5, 16, 22, 26, 27 అధ్యాయాలు తీసుకుంటే ఒక మధ్యాహ్నానికి సరిపోతాయి. కూలి, కొట్టు ధర, సంచి బాకీ బోర్డు మీద రాసి, పక్కనే గల్ఫ్ ఏజెంటు రశీదునూ కన్సల్టెన్సీ ఒప్పందాన్నీ పేర్లు చెరిపి పెట్టండి. పని కోసం పరాయి దేశానికి కొత్తగా వచ్చిన పిల్లల్ని తప్పక పిలవండి.