గుమస్తా జేబే ట్రెజరీ

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడిపే ఒకాయన నాకు చాలా ఏళ్లుగా తెలుసు. కౌంటర్ పక్కన మేకుకి ఓ పాత నోటుపుస్తకం వేలాడుతుంటుంది. అందులో మనుషుల పేర్లుండవు, ఆఫీసుల పేర్లే ఉంటాయి. ట్యూబ్‌లైట్లు రెండు, ఫ్యాను కండెన్సరు ఒకటి, ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి. "గవర్నమెంటు అరువంటే ఏటి బాబూ, మార్చి దాకా అడగకూడదు, ఏప్రిల్లో అడిగినా లాభం నేదు" అంటాడు నవ్వుతూ.

ఆ రెండు ట్యూబ్‌లైట్ల వెనక ఎంత కాగితం ఉంటుందో చూడండి. నోట్ ఫైలు, ఆఫీసరు అనుమతి, మూడు కొటేషన్లు, స్టాకు రిజిస్టరులో ఎంట్రీ, బిల్లు. కొటేషన్ల సంగతి అందరికీ తెలిసిందే. సరుకు ఇచ్చే షాపువాడే మిగతా రెండు షాపుల లెటర్‌హెడ్లు కూడా తెచ్చి ఇస్తాడు. పోటీ ధర కోసం పెట్టిన నిబంధన అబద్ధాన్ని ఫైలు చేసే అలవాటుగా మారింది. రాష్ట్ర ప్రభుత్వ బిల్లులన్నీ నడిచే ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్. షాపుకి అందులో ఐడీ లేకపోతే ముందు అది చేయించాలి. తర్వాత బిల్లు తయారుచేసే మేకర్, సరిచూసే చెకర్, ట్రెజరీకి పంపే సబ్‌మిటర్ అనే మూడు మెట్లు దాటాలి. అక్కణ్నుంచి ట్రెజరీ, టోకెన్, ఆపైన ఎదురుచూపు.

2018 ఏప్రిల్‌లో సీఎఫ్ఎంఎస్ వచ్చాక బిల్లు ఎక్కడుందో కూర్చున్నచోటే తెలుస్తోంది. అది చిన్న మేలేం కాదు. కానీ పాత దారినే కంప్యూటర్‌లోకి ఎక్కించారు గానీ దారి దగ్గర చేయలేదు. ఎనిమిది వందల బిల్లూ ఎనిమిది లక్షల బిల్లూ దాదాపు అవే మెట్లు ఎక్కాలి.

ఇంతలో ఆఫీసు చీకట్లో ఉండదు కదా. జూనియర్ అసిస్టెంటు జేబులోంచి కొంటాడు. ఫుల్లీ వౌచర్డ్ బిల్లు అనే పేరులోనే తంటా ఉంది: ముందు ఖర్చు పెట్టు, రసీదు తే, తర్వాత ఇస్తాం. ఏసీ బిల్లు పెట్టి ముందే డబ్బు తెచ్చుకోవచ్చు, కాదనను. కానీ దాని లెక్క డీసీ బిల్లుగా, అంటే రసీదులతో వివరంగా, గడువులోపు చెప్పకపోతే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ అభ్యంతరాల్లోకి ఎక్కుతుంది. ఆ టెన్షన్ ఎందుకని చాలామంది ఆఫీసర్లు అటువైపే చూడరు.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఓసారి ప్రింటర్ టోనర్ అయిపోయింది. మర్నాడే కలెక్టరేట్‌కి నివేదిక వెళ్లాలి. వెళ్లి నా డబ్బుతో కొనుక్కొచ్చాను. అనుమతి తేదీ కంటే రసీదు తేదీ ముందుందని బిల్లు వెనక్కొచ్చింది. షాపుకెళ్లి తేదీ మార్చి ఇంకో రసీదు రాయించుకున్నాను. బిల్లు పాసైంది. మొదటి రసీదు నిజం, రెండోది అబద్ధం. వ్యవస్థకి నచ్చింది రెండోదే.

షాపువాడికి చట్టం అండ ఉందా అంటే అదీ లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న పరిశ్రమలకి 45 రోజుల్లో డబ్బు కట్టాలి, ఆలస్యమైతే చక్రవడ్డీ ఇవ్వాలి. 2021 జులైలో చిల్లర, టోకు వ్యాపారులనూ ఆ కోవలోకి తెచ్చారు, కానీ బ్యాంకు రుణాల ప్రాధాన్యం వరకే. 45 రోజుల హక్కు వాళ్లకి రాలేదు.

కేంద్రం తన ఆఫీసులకి 2017 ఆర్థిక నియమాల్లో 25 వేల వరకూ కొటేషన్ లేకుండా కొనే వీలిచ్చింది. సరుకు నాణ్యమైనదే, ధర సబబే, అమ్మినవాడు నమ్మదగినవాడే అని అధికారి సొంతంగా ధ్రువీకరిస్తే చాలంది. నాకు నచ్చింది ఆ పరిమితి కాదు, ఆ సంతకం. దొంగ కొటేషన్ల చాటున ఎవరూ దొరకరు. ఒక్క ధ్రువీకరణ కింద ఒక్క మనిషి దొరుకుతాడు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు కరెంటు లేదు, నెట్‌వర్క్ లేదు. అలాంటి రోజున పోర్టల్ తెరిచి జనరేటర్‌కి డీజిల్ కొనడం ఎవరి తరం? చేతిలో కాస్త డబ్బుండాలి. చిన్న ఖర్చులకి ఆఫీసు దగ్గర ఎప్పుడూ కొంత డబ్బు ఉంచే పర్మనెంట్ అడ్వాన్స్ అనే పద్ధతి పుట్టిందే అందుకు. ఇప్పుడది చాలాచోట్ల పేరుకే మిగిలింది.

దాన్నే మళ్లీ లేపితే సరిపోతుందని నా అభిప్రాయం. మండల స్థాయి ఆఫీసుకి పది, పదిహేను వేలు విడిగా ఒక బ్యాంకు ఖాతాలో ఉంచి, యూపీఐతో షాపుకే కట్టనివ్వాలి. విజయనగరం గంటస్తంభం దగ్గర టీ కొట్టు కూడా యూపీఐ తీసుకుంటోంది, ఆఫీసుకేం వచ్చింది? నెలాఖరుకి ఖర్చులన్నీ కలిపి ఒక్క బిల్లు పెడితే ఖాతా మళ్లీ నిండాలి.

ఆడిట్ వాళ్ల భయం ఉత్తిది కాదు. రెండు లక్షల కొనుగోలును ముక్కలు చేసి పరిమితి కింద దూర్చేవాళ్లు ఉన్నారు, ఉంటారు. కానీ ప్రతి షాపుకీ ఐడీ ఉన్నప్పుడు ఒకే ఆఫీసు ఒకే షాపు దగ్గర ఏడాదిలో ఎంత కొన్నదో సీఎఫ్ఎంఎస్ క్షణంలో చెప్పగలదు. పట్టుకోవాల్సింది అక్కడ. ట్యూబ్‌లైటు రసీదు మీద తేదీ దగ్గర కాదు.

ఒకవేళ ఇలాంటి జీవో వస్తే, కొటేషన్లు జతచేయకూడదు అని మొదటి పేజీలోనే రాయాలి. అక్కర్లేదు అని రాస్తే చాలదు. అలా రాస్తే, ఎందుకైనా మంచిదని, గుమస్తా మూడూ జోడించే పంపుతాడు.