పుస్తకాల షాపులో కుర్చీలెందుకమ్మా?

మా అక్క కూతురు ఉద్యోగం మానేసి, స్నేహితురాలితో కలిసి పుస్తకాల షాపు పెడుతోంది. అడ్వాన్స్ కూడా కట్టేశారు. ఆరు కుర్చీలట, ఒక పెద్ద చాపట, ఆదివారం సాయంత్రాలు కథలు చదువుకోవడమట. గల్లాపెట్టె ఎక్కడ పెట్టాలో మాత్రం ఇంకా అనుకోలేదట. ఇంట్లో అందరూ మురిసిపోతున్నారు. లెక్కలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, కూర్చోబెట్టి పారిస్ సంగతి చెప్పాను.

1919లో సిల్వియా బీచ్ అనే అమెరికన్ ఆవిడ, వాళ్లమ్మ పంపిన డబ్బుతో అక్కడ షేక్‌స్పియర్ అండ్ కంపెనీ అనే పుస్తకాల షాపు తెరిచింది. 1915 నుంచే పుస్తకాల షాపు నడుపుతున్న అడ్రియెన్ మోనియే అనే ఆవిడతో సావాసం. రెండేళ్లకు సిల్వియా తన షాపును సరిగ్గా ఆ స్నేహితురాలి షాపు ఎదురుగానే, ఓదెయోన్ వీధికి మార్చింది. ఎదురెదురు షాపులన్నాక రేట్లు తగ్గించుకుని కొట్టుకు చావాలి. వీళ్లేమో ఒకే ఇంట్లో కలిసి ఉన్నారు!

సిల్వియా పుస్తకాలు అద్దెకు కూడా ఇచ్చేది. హెమింగ్వే అనే కుర్రాడు మొదటిసారి వచ్చినప్పుడు డిపాజిట్‌కు డబ్బు లేదు. ఉన్నప్పుడే ఇవ్వండంటూ పుస్తకాలు చేతికిచ్చి పంపింది. మా వీధి కిరాణా కొట్లో కూడా ‘అప్పు రేపు’ అని బోర్డుంటుంది.

అక్కడితో ఆగిందా? ఎవరూ వేయడానికి ధైర్యం చేయని జేమ్స్ జాయిస్ నవల యులిసిస్‌ను 1922 ఫిబ్రవరి 2న, ఆయన 40వ పుట్టినరోజుకు అందేలా తానే వేసింది. ప్రూఫులు దిద్దమని ఇస్తే ఆ మహానుభావుడు నవలలో దాదాపు మూడోవంతు వాటి మీదే కొత్తగా రాశాడు. మళ్లీ కంపోజింగ్, మళ్లీ ఖర్చు. పదేళ్లకు అమెరికాలో హక్కులు అమ్ముడైతే డబ్బు ఆయనకు, ఈవిడకు సున్నా.

1941లో, పారిస్ జర్మన్ల చేతిలో ఉండగా, ఒక జర్మన్ ఆఫీసరు వచ్చి, షాపు ముందు అద్దాల వెనక కనిపిస్తున్న జాయిస్ పుస్తకం కావాలన్నాడు. డబ్బు పట్టుకుని వచ్చిన గిరాకీ! అది నా సొంత కాపీ, అమ్మనంది. సరుకంతా పట్టుకుపోతానని అతను బెదిరిస్తే, గంటల్లో పుస్తకాలన్నీ పై అంతస్తుకు ఎక్కించి, బోర్డు మీద పేరు కూడా రంగుతో కప్పేయించింది. ఒక్క కాపీ అమ్మేస్తే పోయేదానికి ఇంత చాకిరీ.

అమ్మాయి అంతా శ్రద్ధగా విన్నది. “మావయ్యా, మొన్న నాలుగు ఆదివారాలు కోఠీ షాపులో నిలబడే నవల చదివావు కదా, అయిపోయిందా?”

ఇంకా 60 పేజీలుంది. ఎక్కడ ఆపానో గుర్తుకు పేజీ మూల మడిచి వచ్చాను.

“కాళ్లు నొప్పి పుట్టలేదూ?” అంది.

కుర్చీ ఫ్యాను కింద మాత్రం వేయొద్దని చెప్పాను. పేజీలు లేచిపోతాయి.